గడ్డిమోకుకు ఇవతల

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ముగిసిన మరుసటి ఏడాది డిసెంబరులో, దోహాలో నేను మెడికల్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న కంపెనీకి ఒక చిన్న కాంట్రాక్టు వచ్చింది. జపాను నుంచి ఒక సుమో బృందం ప్రదర్శన ఇవ్వడానికి వస్తోంది. దానికి ముందు వారం రోజులు అబూ హమూర్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని వాళ్ళు ఉదయంపూట సాధన చేస్తారు. సాధన సాగినంతసేపూ ఒక అంబులెన్సు, డ్రైవరు, నర్సు, పారామెడిక్ అక్కడ సిద్ధంగా ఉండాలి. మా భాషలో ఇది స్టాండ్‌బై డ్యూటీ. చాలాసార్లు ఏమీ జరగదు. జరిగితే మాత్రం, ఆస్పత్రికి చేరేవరకూ ఆ మనిషి మా బాధ్యత.

పారామెడిక్ డ్యూటీ నేనే వేసుకున్నాను. ఆ పనికి నాకంటే చురుకైన కుర్రాళ్ళు ఇద్దరు ఉన్నారు. అయినా ఏలూరులో చిన్నప్పుడు తాలింఖానా కిటికీలోంచి కుస్తీలు చూసినవాణ్ణి కాబట్టి సుమో దగ్గరగా చూడాలని కుతూహలం పుట్టింది. పనికని పేరు పెట్టుకుని ప్రేక్షకుడిగా వెళ్ళాను.

ముందుగా ముషైరిబ్‌లోని ఒక ఆఫీసులో సమావేశం జరిగింది. బృందం తరఫున మొరిత అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు మెల్లగా, ఆచితూచి మాట్లాడేవాడు. సుమో బరి ఎలా ఉంటుందో వివరించాడు. బంకమట్టిని దిమ్మిసతో కొట్టి నేల చేస్తారు, దానిపైన పల్చగా ఇసుక పరుస్తారు, చుట్టూ లావుపాటి గడ్డిమోకును సగం పాతుతారు. అది వాళ్ళకు పవిత్రమైన చోటు. చెప్పులతో గాని బూట్లతో గాని ఎవరూ అడుగుపెట్టకూడదు. ఆడవాళ్ళు ఆ మోకు దాటకూడదనేది ఆచారం. దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకోమని కోరాడు. హాలు మేనేజరు తల ఊపాడు, మా ఆపరేషన్స్ మేనేజరు ఊపాడు, నేనూ ఊపాను.

ఏ ఆటకైనా డ్యూటీకి వెళ్ళేముందు మేం నిర్వాహకులతో కొన్ని సంగతులు తేల్చుకోవాలి. మనిషి పడిపోతే ఆట ఆపమని ఎవరు సైగ చేస్తారు, లోపలికి ముందుగా ఎవరు వెళతారు, ఏ వైపు నుంచి వెళతారు. దీన్ని అత్యవసర ప్రణాళిక అంటాం. కొత్తగా చేరినవాళ్ళకు ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పింది నేనే. ప్రాణం మీదికి వస్తే ఆ ఆచారం సంగతేమిటని ఆ రోజు నేను అడగవలసింది. మా మేనేజరు పక్కనే కూర్చున్నాడు. అనుమానాలు అడిగితే పని రానివాడిలా కనిపిస్తానేమోనని అడగలేదు.

ఆ వారం మా మగ నర్సులందరికీ వేరే చోట్ల డ్యూటీలు పడ్డాయి. మిగిలింది నస్రీన్. ఆమెది బోధన్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. పారామెడిక్ లైసెన్సు పరీక్ష రాయాలని తయారవుతోంది. ఆ పరీక్షకు కూర్చోవాలంటే మైదానాల్లో డ్యూటీ చేసిన అనుభవం చూపాలి. అందుకని ఎక్కడ స్టాండ్‌బై పడినా తనను వేయమని నన్ను అడుగుతూ ఉండేది. డ్రైవరు ఓబులేసుది రాయచోటి పక్క పల్లె. చాలాకాలం ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరుగా చేసి మా దగ్గరికి వచ్చాడు.

మొదటి ఉదయం బండిలో వెళుతుంటే ఓబులేసు అందుకున్నాడు. "అక్కా, వాళ్ళలో ఒగడు పడితే మన స్ట్రెచరు మోస్తాదంటావా?"

"స్ట్రెచర్ సంగతి తర్వాత అన్నా. నువ్వు మోస్తవా?"

"నేనా? నేను బండి తోలేదానికి వచ్చినా. క్రేను తోలేదానికి కాదు."

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వాక నేను దిగి వెనక తలుపు తీసి, స్ట్రెచర్ ఎంత బరువు మోస్తుందో, మా మెడపట్టీల్లో పెద్దది ఆ మెడలకు సరిపోతుందో లేదో చూసుకుని ఉండాల్సింది. చూడలేదు.

హాలు గుమ్మం దగ్గర నస్రీన్‌ను ఆపి చెప్పాను.

"ఆ గడ్డిమోకు దాటి లోపలికి వెళ్ళొద్దమ్మా."

"ఎందుకు సార్?"

"ఆడవాళ్ళు ఎక్కకూడదట. వాళ్ళ పద్ధతి."

"సరే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఎవరన్న పడితె?"

"నేనుంటాను కదా."

"మీరు లేకుంటె?"

"ఎందుకుండను?"

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచి తీసుకుని బరి పక్కన కుర్చీలో కూర్చుంది.

సాధన మొదలయ్యాక నాకు ఏదీ అంతుపట్టలేదు. హాల్లో ఎవరూ మాట్లాడరు. నల్ల గుడ్డ గోచీలు కట్టినవాళ్ళు ముందుగా వచ్చి, కాలు పక్కకు ఎత్తి ధనామని నేలమీద వేయడం మొదలుపెట్టారు. వేస్తూనే ఉన్నారు. తర్వాత కాళ్ళు రెండువైపులకూ బార్లా చాపి, ఛాతీ నేలకు ఆనేలా వంగారు. వంగలేనివాడి వీపు మీద ఇంకొకడు కూర్చుని నొక్కాడు. గాయపడ్డ ఆటగాళ్ళతో బతికినవాణ్ణే అయినా, చూస్తుంటే నా తొడలు లాగాయి. తెల్ల గోచీలవాళ్ళు చాలాసేపటికి గాని రాలేదు. తెలుపు పై హోదా గుర్తు అని మొరిత చెప్పాడు. జీతాలు వాళ్ళకే. నల్ల గోచీలవాళ్ళు వంట చేస్తారు, పెద్దవాళ్ళకు తువ్వాళ్ళు అందిస్తారు, చివర తింటారు. వయసుతో సంబంధం లేదు. తకేద అనే అతనికి ముప్ఫై దాటి చాలాకాలమైంది. ఇంకా నలుపే. ఇరవై రెండేళ్ళ తెల్ల గోచీ కుర్రాడికి అతను నీళ్ళు అందిస్తుంటే చూడటానికి ఇబ్బందిగా అనిపించింది. ఇబ్బంది పడింది నేనొక్కణ్ణే.

ఒక మూల పీట మీద వాళ్ళ గురువు కూర్చుని ఉండేవాడు. ఎప్పుడో ఒక మాట అనేవాడు. ఆ మాటకు హాలంతా సర్దుకునేది.

చివర్లో జరిగే సాధన నన్ను అన్నిటికంటే తికమకపెట్టింది. పై హోదావాడు ఛాతీ విరుచుకుని నిలబడతాడు. కింది హోదావాడు తల వంచి దూసుకొచ్చి ఆ ఛాతీని ఢీకొని, అతన్ని బరి అవతలి అంచు దాకా నెట్టాలి. నెట్టలేకపోతే అతని మెడ పట్టి ఇసుకలో దొర్లిస్తారు. లేచి మళ్ళీ రావాలి. లేవలేక పడుకుంటే కాలితో తట్టి లేపుతారు. ఇది శిక్షా అని మొరితను అడిగాను. ఛాతీ అరువివ్వడం అంటారనీ, అది పెద్దవాళ్ళు చేసే మేలనీ, పైకి రావాలని కోరుకున్నవాడికే చేస్తారనీ చెప్పాడు. తకేద ఇసుక నిండిన ముఖంతో రొప్పుతూ, తనను దొర్లించినవాడికి వంగి నమస్కరించాడు. మేలో, కాదో నాకు తేలలేదు.

మొదటి రోజు మనిషి పడినప్పుడల్లా నేను కుర్చీలోంచి సగం లేచాను. రెండో రోజుకు లేవడం మానేశాను. ఇక్కడ పడటం మామూలేనని నా కళ్ళు అలవాటుపడ్డాయి. మా వృత్తిలో దీన్ని మించిన ప్రమాదం లేదు.

ఆ మర్నాడు ఆ చివరి సాధన నడుస్తుండగా నా ఫోను మోగింది. అల్ ముంతజాలో ఒక బడి ఆటల పోటీకి పంపిన బండి ఇంకా చేరలేదని. మాట్లాడుతూ బయట వరండాలోకి వెళ్ళాను. కాసేపటికి లోపలినుంచి నస్రీన్ గొంతు వినిపించింది.

"రుకో! ముట్టద్దు! ఎవ్వరు లేపద్దు!"

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. తకేద బరి మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. నస్రీన్ అతని తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుని ఉంది. ఆమె బూట్లు మోకు బయట చెరొక దిక్కున పడి ఉన్నాయి. అతన్ని చేతులు పట్టి లేపబోయిన ఇద్దరు నల్ల గోచీలవాళ్ళు ఆమె అరుపుకు ఆగిపోయి అలాగే నిలబడ్డారు. అందరూ గురువు వైపు చూస్తున్నారు.

నా నోటినుంచి వచ్చిన మొదటి మాట ఇది: "నస్రీన్, ముందు నువ్వు బయటికి రా!"

"తల ఇడిస్తె ఎట్ల సార్? చేతులు కదుల్తలెవ్వు. మీరొచ్చి పట్టుకోండ్రి, నేను పోత."

నేను మోకు దగ్గర కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను. మెడ విరిగిందేమోనని అనుమానమున్న మనిషి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను లేసు ముడితో కుస్తీ పడుతున్నాను. ఒక బూటు వచ్చింది, రెండోది బిగుసుకుంది. అప్పుడు గురువు పీట మీదినుంచి లేచి ఒక్క మాట అన్నాడు.

మొరిత నా భుజం పట్టుకుని లాగాడు. "బూట్లతోనే రమ్మంటున్నారు."

ఒంటి బూటుతో లోపలికి వెళ్ళాను.

తకేద స్పృహలోనే ఉన్నాడు. కాళ్ళు కొద్దిగా కదుపుతున్నాడు. చేతులు మండుతున్నాయంటున్నాడు గాని అవి లేవడం లేదు. మెడలో వెన్నుపాముకు దెబ్బ తగిలితే ఇలా జరుగుతుంది. అలాంటి మనిషిని ఒక్కసారి తప్పుగా లేపితే ఆ చేతులు మళ్ళీ రాకపోవచ్చు. మెడపట్టీ తీసి చూశాను. మా పెద్ద సైజు అతని మెడలో సగమే చుట్టుకుంది. తువ్వాళ్ళు చుట్టచుట్టి తలకు రెండువైపులా పెట్టి, నుదుటికి టేపు వేసి బిగించాం.

ఇలాంటప్పుడు తల పట్టుకున్నవాళ్ళ మాటే చెల్లుతుంది. హోదా ఎంతటిదైనా మిగిలినవాళ్ళు ఆ మాట వినాలి. చేతులు మారిస్తే తల కదులుతుంది కాబట్టి తల నస్రీన్ దగ్గరే ఉంచాను. ఆ హాల్లో నేను చేసిన సరైన పని అదొక్కటే.

"పెద్దన్నా, నడుం కాడ నువ్వు. ఓ తెల్ల గోచీ అన్నా, నువ్వు కాళ్ళు. నేను తీన్ అన్నంక లేపుండ్రి, ముందుగాల కాదు. సార్, వీపు కింద పలక మీరు పెట్టండ్రి."

మొరిత అనువాదం చేయబోయి మానేశాడు. అవసరం లేకపోయింది. ఆ మహాకాయులందరూ ఆమె కళ్ళు చూపించిన చోట్ల చేరి వంగారు. ఏక్, దో, తీన్. అంత బరువు తొణకకుండా లేచింది. గుమ్మం దగ్గర ఓబులేసు గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు.

"మెల్లంగా, మెల్లంగా. యల్లా సార్, ఎక్కండి. గుంతలన్నీ నాకు తెలుసు, బండి కదిలినట్టు గూడా ఉండదు."

ఆస్పత్రిలో తీసిన స్కానులో ఎముక విరగలేదని తేలింది. వెన్నుపాము నలిగింది. సాయంత్రానికి కుడిచేతి వేళ్ళు కదిలాయి. ఇక బరిలోకి దిగవద్దని డాక్టర్లు అతనికి చెప్పారని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే మా మేనేజరు ఫోను చేశాడు. ఆడమనిషి బరి ఎక్కిందని హాలు మేనేజరు ఫిర్యాదు చేశాడట. ఆమెను లోపలికి వెళ్ళమని ఎవరు చెప్పారని అడిగాడు.

"నేను చెప్పలేదు సార్" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత చెప్పవలసినవి చాలా ఉన్నాయి. నేను నా చోట లేనని, వెళ్ళడం ఆమె విధి అని, ఆమె వెళ్ళకపోతే ఆ ఇద్దరూ అతన్ని చేతులు పట్టి లాగేవారని. అవతల ఫోను పెట్టేసేదాకా అవేవీ చెప్పలేదు. మరుసటి రోజునుంచి నస్రీన్‌ను స్టాండ్‌బై డ్యూటీలు తప్పించి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేబర్ క్యాంప్ క్లినిక్కుకు పంపారు. పరీక్షకు కావలసిన అనుభవం అక్కడ లెక్కకు రాదు. అది నాకు తెలుసు. మేనేజరుకు తెలియదు.

ఆ మరుసటి ఉదయం, వేరే డ్యూటీ నుంచి రప్పించిన ఒక మగ నర్సుతో హాలుకు వెళ్ళాను. సాధన అయ్యాక వాళ్ళు ఇసుకను ఊడ్చి బరి మధ్య కుప్ప చేసి, అందులో తెల్ల కాగితాలు కట్టిన పుల్ల గుచ్చి, ఉప్పు చల్లారు. నస్రీన్ అడుగుపెట్టినందుకే ఈ శుద్ధి అనుకున్నాను. ఒళ్ళు మండింది. మొరితను అడిగేశాను.

"ఇది రోజూ చేస్తాం. మీరు రోజూ ముగియకముందే బండి దగ్గరికి వెళ్ళిపోయేవారు" అన్నాడు.

నిజమే, వెళ్ళిపోయేవాణ్ణి. అయినా అతను ఉన్నమాటే చెప్పాడో, నన్ను నొప్పించడం ఇష్టంలేక అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

చివరి రోజు గురువు నన్ను పిలిపించి ఆ అమ్మాయి ఏదని అడిగాడు. వేరే డ్యూటీలో ఉందన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. మొరిత నాకు చెప్పింది మాత్రం కొంచెమే. ఆయన ఆమెతో స్వయంగా ఒక మాట చెప్పుకోవాలట. కృతజ్ఞతా, ఆక్షేపణా అని అడిగాను. ఆమెకే చెబుతారన్నాడు. నస్రీన్‌కు ఫోను చేశాను.

"గురువుగారు నిన్ను ఒకసారి రమ్మంటున్నారమ్మా."

"తిట్టనీకా, మెచ్చుకోనీకా?"

"నాకు తెలీదు."

"మీకేం తెలుసు సార్?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టుంది. "ఆ పడ్డాయనకు చేతులు లేస్తున్నయా?" అని అడిగింది.

"కుడిది లేస్తోంది. ఎడమది కొంచెం కొంచెం."

"అది చాలు. ఈడ లైన్ల మంది నిలబడ్డరు, ఫోన్ పెడుతున్న."

బృందం దేశం వదిలి వెళ్ళాక, నాకు పెద్దగా నష్టం లేని సమయం చూసుకుని, మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నన్ను మందలించాడు. నస్రీన్ బదిలీని మాత్రం మార్చలేదు. మారిస్తే కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. ఆ విడత ఆమె పరీక్ష రాయలేకపోయింది. కొన్నాళ్ళకు వేరే కంపెనీలో చేరిందని ఓబులేసు చెప్పాడు. ఎక్కడని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

రిటైరయ్యేలోపు నేను ఇంకా చాలా సమావేశాల్లో కూర్చున్నాను. మనిషి పడితే మీ నియమాన్ని పక్కనపెట్టే అధికారం ఎవరిదని ప్రతిచోటా అందరి ముందూ అడిగాను. నన్ను పని రానివాడిగా ఎవరూ చూడలేదు. ఎక్కడా ఎవరూ జవాబు చెప్పకుండా ఉండలేదు. నియమం చెప్పినవాళ్ళు దాని మినహాయింపు కూడా వాళ్ళంతట వాళ్ళే చెబుతారని నేను అనుకునేవాణ్ణి. చెప్పరు. అది అడిగి తెలుసుకోవడం మెడికల్ సూపర్‌వైజర్ పని. నేను అడగలేదు, ఆ నష్టం నస్రీన్‌కు వచ్చింది.