పగటి ఆట రాజు

నా గుండెల మీద ఒక బరువుంది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదిగా, గుండ్రంగా, రంగులేసి ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, ఆయన ముందు నిలబడినప్పుడల్లా పంట గురించీ పిల్లల గురించీ మొరపెట్టుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చదువుతూ మధ్యలో లేచిపోకండి, అంతే.

తుంగభద్ర కాలవ పారుతోందని విని, కోస్తాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని రాయచూరు జిల్లాకి వచ్చినవాళ్లలో నేనొకణ్ణి. తుర్విహాళ దగ్గర మా క్యాంపు. మాలా వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లని ఇక్కడ క్యాంపులనే అంటారు. మావాళ్లంతా పొద్దస్తమానం వరి గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం వేరే పిచ్చి పట్టుకుంది. జాగీర్లు పోయాక పెద్ద పెద్ద ఇళ్ల సామానంతా బజారున పడుతున్న రోజులవి. పాత సామాను అమ్మే చోటుని ఇక్కడ గుజరీ అంటారు. తుప్పు పట్టిన తాళాలు, విరిగిన కుర్చీల మధ్య వెతికితే గ్రామఫోను ప్లేట్లు దొరికేవి. తాళంచెవి తిప్పితే ఆడే రేకు బొమ్మలు, ఏనుగు దంతం చదరంగం బంట్లు, పచ్చీసు ఆడే ముఖమల్ గుడ్డలు దొరికేవి. కాలవలో మా వంతు నీళ్లు లేని రోజు చూసుకుని బస్సెక్కేవాణ్ణి. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే దిగులు. నాకంటే ముందు ఎవడైనా పోయి ఎత్తుకుపోయుంటాడా అని. నవ్వుకుంటే నవ్వుకోండి. పెళ్లిచూపులకి వెళ్లేటప్పుడు కూడా నేనంత కంగారు పడలేదు.

నాకొక కిటుకు ఉండేది. అది నేను సొంతంగా కనిపెట్టిందే. అప్పట్లో దాని గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. డప్పు వాయించే రేకు కోతి ఒకటి రాయచూరు గుజరీలో కనబడింది. ధర ఎక్కువ చెప్పాడు. బేరం ఆడుతూనే దాని తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాను. మళ్లీ వారం వెళ్లి, "ఆడని కోతి నాకెందుకయ్యా?" అని మూతి విరిచి, నేనడిగిన ధరకే కొనుక్కున్నాను. తాళంచెవి ఆ వేళ కూడా నా జేబులోనే ఉంది. బస్సులోనే కోతిని ఆడించి చూసుకున్నాను. గ్రామఫోను సౌండు బాక్సు ఒకసారి, చదరంగంలో గుర్రం ఒకసారి అలాగే తీశాను. క్యాంపులో చెబితే అందరూ పడీ పడీ నవ్వేవారు. మా ఆవిడ కూడా నవ్వింది. దొంగతనం అన్న మాట ఎవరి నోటా రాలేదు. నాకూ తోచలేదు. తోచలేదా? తోచింది. దాన్ని తెలివి అని పిలుచుకుంటే సరిపోయేది.

ముదగల్ కోట గోడ కింద హన్మయ్య అంగడి. కొడుకు చిన్న వయసులోనే పోయాడు. ఇంట్లో ఉండేది ఆయనా, కోడలు ఈరమ్మా, ఇద్దరే. ఆమెకి పిల్లల్లేరు. అంగడి వెనకే ఇల్లు. మధ్యాహ్నం కాగానే ముసలాయన అంగట్లోనే చాప పరిచేవాడు. ఆయన ఈడువాళ్లు ఇద్దరు వచ్చేవారు. ముగ్గురూ కూర్చుని గంజీఫా ఆడేవారు. చూసి ఉండరు మీరు. మన పేకలాంటిదే, కానీ ముక్కలు గుండ్రంగా ఉంటాయి, ఒక్కోటీ చేత్తో బొమ్మ గీసి రంగులేసినది. హన్మయ్య నాన్న ఒక జాగీర్దారు దగ్గర పనిచేస్తుంటే, ఆ ఇంటివాళ్లు బహుమానంగా ఇచ్చిన కట్ట అది. అన్నేళ్లు ఆడినా ఎరుపు ఎర్రగానే ఉంది, పసుపు పచ్చగానే ఉంది.

ఎన్నిసార్లు అడిగానో!

"ఏందయ్యా క్యాంపు సాబ్," అనేవాడు హన్మయ్య, "అంగట్ల ఉన్నదంతా నీదే అనుకో. గీ పత్తాలొక్కటి అడగకు."

ముక్కని పత్తా అనేవాడాయన. కోపంగా అనేవాడు కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆట చెప్పేవాడు. పేకలో ఇస్పేటు, ఆటీనులాగే ఇందులో సూర్యుడొక రంగు, చంద్రుడొక రంగు. పగలు ఆడితే సూర్యుడి రంగులో రాజు ఎవరి చేతికి వస్తే వాళ్లే ఆట మొదలుపెట్టాలి. రాత్రయితే చంద్రుడి రాజు. ఆయన చూపు అప్పటికే మందగించింది, అందుకని రాత్రి ఆట ఎప్పుడో మానేశారు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఏ ముక్క తీస్తే ఆట ఆగిపోతుందో ఆయనే నాకు నేర్పాడు. ప్రేమగా నేర్పాడు. అది నేను వాడుకున్నాను.

ఆ రోజు ఆట అయిపోయి ముగ్గురూ టీ తాగుతున్నారు. కట్ట చాప మీదే ఉంది. చూస్తానని తీసుకుని, ఒక్కొక్కటే తిప్పుతూ, సూర్యుడి రాజుని అరచేతిలోకి జారవిడిచాను. బంగారు రంగు గద్దె, మీద చిన్న రాజు, చేతిలో పువ్వు. మిగతా కట్ట జాగ్రత్తగా పెట్టెలో సర్ది ఆయనకే ఇచ్చాను. "మంచిగ సదిరినవ్" అని మెచ్చుకున్నాడు కూడా.

వారం తిరిగాక వెళ్లాను. జేబులో ముక్క. అలవాటు ప్రకారమే తెచ్చుకున్నాను, కట్ట కొన్నాక బస్సులో కలిపి చూసుకోవడానికి. అంగడి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. చాప లేదు. ఆ ఇద్దరు మిత్రులూ లేరు. సామానంతా వీధిలో కుప్ప పోసి ఉంది. ముసలాయన మోకాళ్ల మీద పాకుతూ మూలలు తడుముతున్నాడు. ఈరమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఆట పిచ్చిలో పడి అంగడి చూసుకోవట్లేదని అంతకు ముందే మామ మీద కేకలేసిందట. ఈ పత్తాలన్నీ పొయ్యిలో పెడతానందట. కోపంలో అన్న మాట. ఎవరి ఇంట్లో అనుకోరు? రోజూ అంగడి ఊడ్చేది ఆమే. ఇంకేం కావాలి?

"నువ్వే కాల్చినవ్," అంటున్నాడు హన్మయ్య. "నా నోటి ముందర కూడు తీసినట్ల తీసినవ్."

"నేను ముట్టలే మామా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మరి ఏడికి పోయె? రెక్కలొచ్చి ఎగిరిపోయెనా?"

ఆమె లోపలికి వెళ్లి, అప్పుడే వెలిగించిన దీపం తెచ్చి మామకీ నాకూ మధ్య పెట్టింది. దీపం ఆర్పి ఒట్టేస్తే దాని మీద ఇంకో మాట ఉండదు, మీకు తెలుసు కదా. "నేను తీసిననంటే, నేను కాల్చిననంటే, నా కండ్లు గిట్లనే ఆరిపోని" అని, వత్తిని వేళ్లతో నలిపేసింది. చీకటి. నూనె కమురు వాసన. నా ఎడమ జేబులో, గుండెకి ఆనుకుని, ఆ ముక్క.

ఆ చీకట్లో ఆయన నా వైపు తిరిగాడు.

"క్యాంపు సాబ్, నువ్వుంటివి గద ఆ దినం. నువ్వే సర్దితివి. అప్పుడుండెనా పత్తా?"

"ఉందండీ," అన్నాను. "అన్నీ ఉన్నాయి."

ఆమె పని అయిపోయింది అక్కడితో. నేను సర్దినప్పుడు ఉన్న ముక్క, తరవాత ఊడ్చిన మనిషి దగ్గర తప్ప ఇంకెక్కడ పోతుంది? ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చింది? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. భయమా? భయమే. కానీ భయంతో పాటు ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. కట్ట ఇంక నాకు దక్కుతుంది అనిపించింది. ఆ చీకట్లో, ఆ మనిషి అలా నిలబడి ఉండగా, నాకు అనిపించింది అది. ఛీ.

తెల్లారి ఈరమ్మ రాయచూరు పక్కన యరమరస్ దగ్గరున్న పుట్టింటికి వెళ్లిపోయింది. నమ్మని ఇంట్లో తిననంది. ఆయన ఆపలేదు.

నేను మళ్లీ వెళ్లినప్పుడు హన్మయ్య తనే పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆయన సగం కాల్చి వదిలేసిన జొన్నరొట్టె ఒకటి పక్కన పళ్లెంలో ఎండిపోయి ఉంది. డబ్బు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అమ్ముతలేను. ఇది నీ దగ్గర పెట్టుకో. నువ్వు ఊరూరు తిరుగుతవ్, గుజరీలన్ని చూస్తవ్. గిసుంటి పత్తా ఏడన్న దొరికితే దీంట్ల కలిపి చూడు. దొరికిందంటే ఎవడో దొంగోడు ఎత్తుకపోయిండని తేలుతది గద. అప్పుడు పోయి నా కోడలి కాళ్ల మీద పడి తోడ్కొచ్చుకుంట."

ఇప్పుడు చెప్పండి. ఆయన నా చేతికి ఒక అబద్ధాన్ని తయారు చేసి మరీ ఇచ్చాడు. రాయచూరు గుజరీలో దొరికింది హన్మయ్యగారూ, అంటే చాలు. నన్నెవరూ అనుమానించరు. పైగా మెచ్చుకుంటారు. ఆ కోడలు తిరిగి వస్తుంది, మధ్యాహ్నం చాప పడుతుంది. మంచిది చేయడానికి నిజం చెప్పే ధైర్యం కూడా అక్కర్లేదు. మరెందుకు చెప్పలేదు? చెబితే కట్ట తిరిగి ఇచ్చెయ్యాలి. ఇదొక్కటే కారణం. వేరే కారణాల కోసం ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు. వెళ్లిన ప్రతిసారీ ఆయన నా ముఖం వంక చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. తరవాత తరవాత ముదగల్ వైపు వెళ్లడమే మానేశాను. వచ్చే పంటకి చెబుదాం, నాట్లయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడని తెలిసింది. ఒంటరిగా పోయాడట. రెండు రోజులకి గానీ పక్కవాళ్లు తలుపు తీయలేదట.

కట్ట నాకే మిగిలింది. అద్దాల బీరువాలో పెట్టాను. చూడ్డానికి వచ్చినవాళ్లు లెక్కపెట్టి, "అయ్యో, ఒక్కటి తక్కువండీ" అంటారు. "అవునండీ" అంటాను. ఆ ఒక్కటి గ్రామఫోను సూదుల డబ్బాలో, బట్టల కింద ఉంటుంది. కట్ట కోసం ఇంత చేసినవాణ్ణి, ఒక్కసారైనా ఆ ముక్కని అందులో కలిపి చూసుకోలేదు. చెయ్యి రాలేదు.

కొన్నేళ్లకి ఒక నాట్ల కాలంలో, రాయచూరు వైపు నుంచి కూలికొచ్చిన ఆడవాళ్ల గుంపు ఒకటి మా పొలంలో దిగింది. గట్టు మీద నడుస్తున్నాను. నాలుగు మళ్ల అవతల ఒకామె నడుం ఎత్తి నన్నే చూసింది. నారు కట్ట చేత్తో పట్టుకునే బురదలో నడిచి వచ్చింది. అంత దూరం నుంచి నన్ను గుర్తుపట్టింది. ఆమె కళ్లు బాగానే ఉన్నాయి. నిజం మీద ఆర్పిన దీపం కదా. నా కళ్లూ బాగానే ఉన్నాయి. నేను ఒట్టెయ్యలేదు కదా.

"అయ్యా, మా మామ అంగడికి వస్తుంటిరి గద మీరు? ఆ పత్తా ఏడన్న దొరికెనా?"

"లేదమ్మా," అన్నాను.

తల ఊపింది. "మామ సచ్చేదాంక నన్ను పిల్వలే. మా పుట్టింటోళ్లు గూడ నమ్మలే అయ్యా. మా వదినె ఇప్పటికి గూడ పొయ్యి దగ్గరికి రానియ్యదు, ఏం కాలుస్తవో అంటది. దొరికితే తీస్కపోయి అందరికి చూపిద్దుననుకుంటి." చేతిలో నారు సర్దుకుని, "మీరు తిరుగుతరు గద. దేవులాడుతనే ఉండుండ్రి" అని, మళ్లీ మడిలోకి వంగింది.

ఇంటికి పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను, ఆ వయసులో. డబ్బా తీసి, ముక్క పిడికిట్లో పెట్టుకుని గట్టు మీదికి వచ్చాను. వాళ్లు పాట పాడుకుంటూ నాట్లు వేస్తున్నారు. పిలవాలి. ఈరమ్మా అని పిలవాలి, అంతే. ఇరవై మంది ఆడవాళ్లు తలెత్తి చూస్తారు. నా జీతగాళ్లు చూస్తారు. చెమటకి పిడికిట్లో రాజు రంగు వేళ్లకి అంటుకుంది. నిలబడి, నిలబడి, వెనక్కి వచ్చేశాను. మర్నాడు పొద్దున వెళితే గుంపు ఇంకో క్యాంపుకి వెళ్లిపోయిందన్నారు. ఏ క్యాంపో వాళ్లకి తెలియదు.

తరవాత యరమరస్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. గుజరీల కోసం తిరిగినట్టే తిరిగాను. ఏ ఈరమ్మ, ఎవరి ఈరమ్మ అని అడుగుతారు. పత్తా కాల్చిందని పేరు పడ్డ ఈరమ్మ అంటే గుర్తుపడతారేమో. ఆ మాట నా నోటితో ఇంకోసారి ఎలా అనను? ఆమె ఉందో లేదో తెలియదు. ఉంటే చదవడం రాదు. మీరు నన్ను క్షమించాలని కూడా అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఎవరో ఒకరికి చెప్పాలి. ఊపిరి ఆడాలి నాకు.

పత్తా దొరికింది, ఈరమ్మా. నువ్వు కాల్చలేదు. నువ్వు ముట్టలేదు. ఆ చీకట్లో నువ్వు వత్తి నలిపినప్పుడు అది నా జేబులో ఉంది.