చెప్పి పోయే మనిషి

మా చిన్నచెల్లెలు చనిపోయింది. గుంటూరు వైపు మిరపచేల గట్టున కూలోళ్ళు కట్టుకున్న పట్టల గుడిసెలో, పండుకున్న చోటనే పాము కరిచిందంట. ఆసుపత్రికి తీసకపోతాంటే దారిలోనే అయిపోయిందంట. పొద్దున్నే మా మరిది, దాని మొగుడు, ఫోన్ చేసినాడు. నేను ఆదోనిలో మా ఇంటి ముందర జొన్నలు చెరుగుతాండాను. "వదినా, నీ చెల్లెలు లేదు" అన్నాడు. చాట కింద పెట్టి, లోపలికి పోయి మోకరించినాను. ప్రభువును ఏమడగాలో తెలియలేదు.

దాన్ని గురించి నాలుగు మాటలు రాయమని మా సంఘంలో అడిగినారు. అది గొప్ప పనులేమీ చేయలేదు. ఇద్దరు బిడ్డలను కనింది, పెంచుతా పెంచుతా పోయింది. ఆ పెంచడం గురించే రాస్తాను.

మా అమ్మకు అది చివరి కానుపు. నాకు పెండ్లి చూపులు జరిగినప్పుడు అది నా చంకలోనే ఉండేది. ఈ బిడ్డ ఎవరిదని మా అత్త అనుమానంగా అడిగిన సంగతి చెప్పుకొని మేమిద్దరం ఎన్నో ఏండ్లు నవ్వుకున్నాము.

దాన్ని ఇచ్చింది ఎమ్మిగనూరు అవతల, నందవరం పక్కన పల్లెలో. మా పడమటి పల్లెల్లో పత్తి తీయడం అయిపోతానే ఊర్లు ఖాళీ అవుతాయి. మొగుడూ పెండ్లాలు లారీలెక్కి మిరపకాయలు కోసేదానికి పోతారు. సుగ్గికి పోవడం అంటాము. ఎండలు ముదిరినాక, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం అటూ ఇటుగా వస్తారు. అంతదాకా ఊర్లో ముసలోళ్ళు, పిల్లలు, కుక్కలు. నా చెల్లెలు పెండ్లయిన ఏడాదే లారీ ఎక్కింది.

పెద్దది ఆడపిల్ల. పుట్టిన ఏడాది చంకన వేసుకొనే పోయింది. మిరపకాయలు తెంపే చేతికి మంట తెలియదు, అలవాటైపోతాది. బిడ్డకు తెలుస్తాది. ఒకరోజు చేతులు కడుక్కొనే బిడ్డ కంట్లో పుసి తీసింది. ఆ ఏడుపుకు చేనంతా పని ఆపి చూసిందంట. "అక్కా, నా బిడ్డ కంట్లో నేనే కారం కొట్టినాను" అనింది నాతో. నవ్వుతానే అనింది. అప్పట్నుంచి సుగ్గినాళ్ళలో బిడ్డను వేళ్ళతో ముట్టుకునేది కాదు. చేతులు వెనక్కి పెట్టుకొని, మోకాళ్ళ మీద కూర్చొని, చెంపతో చెంప రుద్దేది. మోచేతులతో ఎత్తుకునేది. ఇంటికొచ్చినాక కూడా చేతులకు నూనె, మజ్జిగ రుద్ది రుద్ది, ముందు తన కంట్లోనే వేలు పెట్టి చూసుకునేది. మండకపోతేనే బిడ్డ ముఖం కడిగేది. మా మరిది ఎగతాళి చేసేవాడు. "నా ముఖం కడుగు ముందు. నేను మంటకు ఓర్చుకుంటాలే."

"నీకు కండ్లుంటే గదా మండేది" అనేది ఇది.

ఆ గుడిసెల్లో దుమ్ముకు, ఘాటుకు బిడ్డకు దగ్గు పట్టుకుంది. మరుసటి ఏడు తన అత్త దగ్గర వదిలిపెట్టక తప్పలేదు. ఈడ తల్లులకు ఒక పద్ధతి ఉంది. లారీ పొద్దు పొడవకముందే వస్తాది. బిడ్డలు నిద్రలో ఉండగానే ఎక్కి పోతారు. లేచి ఏడిస్తే అవ్వలు చూసుకుంటారు. ఇది కూడా ఆ ఏడు అట్లనే పోయింది. పాప లేచి మంచం కింద చూసిందంట. జొన్నల గంప మీద మూత తీసి చూసిందంట. ఏడవలేదు. వీధిలో ప్రతి ఇంటికీ పోయి తలుపు చాటున చూసి వచ్చేదంట. తల్లి తిరిగొచ్చేదాకా అదే పని.

"చెప్పి పోతే ఏడుస్తాది అక్కా. చెప్పకుండా పోతే వెతుక్కుంటాది. ఏడుపు ఆగిపోతాది. వెతుక్కోవడం ఆగదు" అనింది నా చెల్లెలు, ఆ సంగతి విన్నాక.

అప్పట్నుంచి లేపి చెప్పి పోయేది. ఒక ఏడు నేను ఆడనే ఉన్నాను. పాపను లేపి కూర్చోబెట్టి, యాడికి పోతాందో, ఎందుకు పోతాందో, ఎప్పుడు వస్తాదో చెప్పింది. పాప గొంతు పగిలేట్టు ఏడ్చింది. లారీ వెనక తలుపు గొలుసు పట్టుకొని వేలాడింది. మరిది ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపిచ్చినాడు. దాని అత్త వాకిట్లో నిలబడి తిట్టింది.

"పండుకున్న బిడ్డను లేపి ఏడిపిచ్చి పోతాండావే, నువ్వు తల్లివా దయ్యానివా?"

"దయ్యమైతే సెప్పకుండా పోతాదత్తా" అనింది ఇది, అత్త గొంతుతోనే. లారీలో ఆడోళ్ళు నవ్వినారు. లారీ కదిలినాక మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోతానని దానికి తెలుసు.

అన్నిట్లోనూ అంతే. సూది వేయించే కాడ తల్లులందరూ "నొప్పి లేదు, నొప్పి లేదు" అంటారు. ఇది పాపతో "నొప్పి పుడతాది. తేలు కుట్టినంత కాదు" అనేది.

"గండుచీమ కుట్టినంతనా?" అని పాప బేరమాడేది.

"ఆ, గండుచీమంత."

అప్పుడు పాప చేయి చాపేది. సూది దిగినాక కన్నీళ్ళు తుడుచుకుంటా, "గండుచీమే" అని అందరికీ చెప్పేది. తల్లి మాట నిజమైందని దానికి అదొక గర్వం.

ఈ ఏడు చిన్నోడికి పాలు మాన్పియ్యాల్సి వచ్చింది. వాడికి ఇంకా రెండేండ్లు నిండలేదు. సుగ్గి దగ్గర పడింది. వేపాకు నూరి రొమ్ముకు పూసుకుంది. వాడు నోరు పెట్టడం, ముఖం చిట్లించడం, ఉమ్మడం, మళ్ళీ రావడం. చివరికి చేదుకు కూడా అలవాటు పడినాడు. మిరపకాయ పూయమని అత్త చెప్పింది. "అది మాత్రం నా చేత కాదు" అని, నన్ను పిలిపిచ్చుకుంది. నేను పోయి దాని రొమ్ములకు గుడ్డ గట్టిగా చుట్టి కట్టినాను. వాణ్ణి గది బయట పెట్టి తలుపేసినాము. వాడు బయట ఏడ్చినప్పుడల్లా లోపల దాని గుడ్డ తడిసేది. వాడు గొంతు పోయి ఊరుకున్నాడు.

లారీ ఎక్కే ముందు వాడికి కూడా చెప్పింది. "వీడికేం అర్థమవుతాది?" అన్నాను.

"వాడికి కాకపోతే ఏం, నా నోటికి అలవాటు తప్పకూడదు గదా" అనింది.

పాపకు ఇప్పుడు ఐదేండ్లు. ఈసారి అది ఏడవలేదు. పెద్దమనిషి మాదిరి అడిగింది. "ఎప్పుడొస్తావు?"

"మట్టల ఆదివారం లోపల వస్తా. నువ్వు మట్ట పట్టుకొని నడిచేటప్పుడు నీ వెనకే ఉంటా."

"సరే" అనింది పాప.

దాని శవం ఆంబులెన్సులో ఎమ్మిగనూరు మీదుగా ఊరికి వచ్చింది. "బిడ్డలకు సూపియద్దు, జడుసుకుంటారు" అని అత్త అనింది. మాలో ఆ ఆచారం ఉన్నదే. పెద్దలు సరేనన్నారు. ఇద్దరినీ వెనక వీధిలో ఒక ఇంట్లో పెట్టి, బొరుగులు ఇచ్చి, ఫోన్లో బొమ్మలు పెట్టినారు. సమాధుల తోటకు పోతా మేము పాడిన పాటలు ఆ ఇంటికి వినపడినాయి. ఎవరు పోయినారని పాప అడిగిందంట. ఎవరో ముసలామె అని చెప్పినారంట.

"పాపం" అనిందంట. మళ్ళీ బొమ్మలు చూసుకుందంట.

మట్టి వేసి వచ్చినాక పాపకు చెప్పాల్సిందే అన్నాను. అత్త కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. "సెప్తే తినదు. తినకపోతే నేనేం సేసేది? నాకా, మోకాళ్ళు లేవు. సంకలో వీడు. అడిగినప్పుడు సూద్దాములే." ఆమె కూడా ఏడ్చి ఏడ్చి ఉంది. ఆమెను తప్పు పట్టి రాయడం లేదు. మరిది మళ్ళీ మిరపచేలకే పోయినాడు. "ఈడుంటే దాని ముఖం చూడల్ల వదినా. అదడుగుతాది" అన్నాడు. పాప లేవకముందే పోయినాడు.

నేను ఆదోనికి వచ్చి, ఎండలు ముదిరినాక మళ్ళీ పోయినాను. ఆ వాకిట్లో కాలు పెట్టంగానే నా చెల్లెలి గొంతు వినపడింది.

"తినినావా బంగారూ? ముద్దలు పెద్దవి పెడతాందా మీ అవ్వ? నీది కోడిపిల్ల నోరు, చిన్నవి పెట్టమను."

అది బతికుండగా ఫోన్లో పంపిన మాటలు. అన్నం పెట్టేటప్పుడు అవ్వ వాటిని పెడతాంది. పాప నోట్లో ముద్ద ఉండగానే జవాబు చెప్పింది. "చిన్నవే పెడతాంది మా." ఫోన్ పలకలేదు. "సిగ్నల్ లేదు" అనింది అవ్వ. పాప తలూపి ఇంకో ముద్దకు నోరు తెరిచింది.

నన్ను చూసి సంతోషంగా చెప్పింది. "పెద్దమ్మా, మట్టలకు అమ్మ వస్తాది. అబద్ధం చెప్పదు."

దానికి ఆ నమ్మకం పెట్టింది నా చెల్లెలే. ఎన్ని ఏడుపులు ఏడిపిచ్చి పెట్టిందో. వేరే బిడ్డయితే ఈపాటికి అనుమానపడి ఉండేది. ఇది పడలేదు.

ఆ వారంలోనే లారీలు వస్తాయని ఊర్లో అనుకుంటాండారు. అత్తను పక్కకు పిలిచి అడిగినాను. "నీ కొడుకు ఒక్కడే దిగుతాడు. ఊరందరి ముందర, లారీ కింద నిలబడి తెలుసుకోవాల్నా అది?"

ఆమె చిన్నోణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది. "నా నోట రాదమ్మా. సెప్తే నువ్వు సెప్పు. ఊరుకోబెట్టేది కూడా నువ్వే."

ఆ రాత్రి ప్రార్థన చేసినాను. మాటలు ఇవ్వమని అడగలేదు. తిప్పి తిప్పి చెప్పకుండా చూడమని అడిగినాను. మరునాడు పొద్దున పాపకు నీళ్ళు పోసి, తల తుడిచి, ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పినాను. పాము కరిచిందని, చనిపోయిందని, మట్టి చేసినామని.

"లారీలో రాదా?" అని అడిగింది.

"రాదు."

"వచ్చే ఏడు?"

"రాదు. ఇంకెప్పుడూ రాదు."

తల నుంచి ఇంకా కారే నీళ్ళు తుడుచుకుంది. "నాయనకు తెలుసా?"

"తెలుసు."

"అవ్వకు?"

"తెలుసు."

"ఎదురింటోళ్ళకు?"

"అందరికీ తెలుసమ్మా."

"నాకు మాత్రం చెప్పలేదు" అనింది. కోపంగా కాదు. తెలుసుకున్నట్టు అనింది.

ఊరుకోబెట్టేదానికి నేను సిద్ధంగా ఉన్నాను. అది ఏడవలేదు. మధ్యాహ్నం అవ్వ అలవాటు కొద్దీ ఫోన్ తెచ్చింది. "వద్దవ్వా, నేనే తింటా" అనింది. ముద్దలు పెద్దవే తినింది. సాయంత్రం నా చేయి పట్టుకొని సమాధుల తోటకు వచ్చింది. మట్టి చుట్టూ ఒకసారి నడిచింది. "ఇంత చిన్నదా?" అని మాత్రం అడిగింది.

మట్టల ఆదివారం ముందురోజు లారీలు వచ్చినాయి. ఊరు ఊరంతా రోడ్డు మీదికి పోయింది. నేను చిన్నోణ్ణి ఎత్తుకొని పోయినాను. పాప నా పక్కనే నడిచింది. లారీ ఆగంగానే ఆ ఘాటుకు అందరూ తుమ్మడం మొదలుపెట్టినారు. మూటలు దిగినాయి, ఆడోళ్ళు దిగినారు. చీరలకు ఎర్ర దుమ్ము, తలకు తుండుగుడ్డలు. పిల్లలు ఎవరి తల్లి మీదికి వాళ్ళు పోయి పడినారు. చిన్నోడు నా చేతుల్లో నుంచి జారి కిందికి దిగినాడు. కనపడిన ప్రతి చీరా పట్టుకున్నాడు. "మ్మా" అని ముఖం పైకెత్తడం, అది కాకపోతే ఇంకో చీర దగ్గరికి ఉరకడం. ఆ ఆడోళ్ళు వాణ్ణి తోసెయ్యనూ లేరు, ఎత్తుకోనూ లేరు. ఒకామె కొంగు వాడి చేతుల్లో వదిలి ఏడ్చింది. మరిది చివర దిగి, లారీ చక్రం పక్కనే కూర్చుండిపోయినాడు. కొడుకు దగ్గరికి రాలేకపోయినాడు.

నేను పోయేలోపలే పాప పోయింది. వాణ్ణి వెనక నుంచి రెండు చేతులా పట్టి ఎత్తింది. దాని బలానికి వాడు బరువు. వాడి పాదాలు నేల మీద ఈడ్చుకుంటా వస్తాంటే, లారీకి ఎడంగా కంపచెట్టు నీడకు తీసకపోయింది. వాడి ముక్కు గౌనుతో తుడిచింది. కండ్లల్లోకి చూసి, నిదానంగా, ప్రతి మాటా విడదీసి చెప్పింది.

"అమ్మ ఇంకా మిరపకాయలు కోస్తాంది రా. అయిపోతానే వస్తాది."

నా వైపు చూసింది. నోరు తెరవద్దు అన్నట్టు చూసింది.

వాడు నమ్మినాడు. ఏడుపు ఆపి, దాని భుజం మీద తల వాల్చినాడు. అది వాణ్ణి మోయలేక ఒక పక్కకు ఒరిగి, ఆ ఎర్ర దుమ్ములో అట్లనే నిలబడి, వీపు మీద తడతా ఉండింది.