చెవులున్న మనిషి

పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టే ఆ గుమాస్తాకి తన చెవులంటే మహా గర్వం. టీవీలో అయిపోయిన సీరియల్‌లోని డిటెక్టివ్‌తోనే ఇప్పుడు వస్తున్న ఆడియో నాటకాన్ని పనిలో కూడా ఫోన్‌లో వింటూనే ఉంటాడు: విక్టోరియా రాణి కాలం, పొగమంచు, గుర్రబ్బగ్గీలు, శవాలు. డెక్కల చప్పుడుకి తలాడిస్తూ, అదే తాళంలో ముద్రలు కొడుతూ, ఉన్నట్టుండి ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, "ఆ వంటమనిషిది దొంగదగ్గు. మొదటి భాగంలోనే పట్టేశాను" అని కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకి చెబుతాడు. వాళ్లేం అడిగారో మాత్రం ఆయనకి వినపడదు.

మొన్న ఆదివారం సాయంత్రం హంతకురాలు బయటపడింది. ఆ వంటమనిషే! ఉబ్బితబ్బిబ్బై భార్యని కేకేశాడు. జవాబు లేదు. వంటింట్లో లేదు, పెరట్లోనూ లేదు. కంగారుపడి మరదలికి ఫోన్ చేశాడు.

"మీ అక్క కనిపించడం లేదమ్మా!"

"అదేంటి బావగారూ! గొంతు ఆపరేషన్‌కి పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చాం కదా. నెల్లాళ్లుగా అక్కకి గొంతు పెగలడం లేదు. మీరే బ్యాగు తెచ్చి కారులో పెట్టి, సరే సరే అన్నారు!"

"అలాగా," అన్నాడాయన. "ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లేలోపు నా చార్జర్ ఎక్కడ పెట్టిందో కాస్త అడుగు. మాట్లాడలేకపోతే కాగితం మీద రాసిమ్మను."