తండ్రి లేనిదాని పెళ్లి

రావెన్‌షోల్ట్ ప్రభువుకు పెళ్లాం వల్ల ఒక కొడుకు, నాటకాల్లో పాడే మనిషి వల్ల ఒక కూతురు. కూతురి పేరు హెస్టర్. పాటగత్తె పోయాక ఆయన పిల్లను తన భవనానికి తెచ్చుకున్నాడు గాని, హోదా చూసి భోజనానికి నడిచే వరసలో ఆమెకు చోటివ్వలేదు. ఒకసారి అతిథుల ముందు ఆమె నోరుజారి "నాన్నగారూ" అంది.

"ప్రభువుగారూ అనాలి. నీకు నాన్న లేడు, గుర్తుంచుకో" అన్నాడాయన నవ్వుతూనే.

గుర్తుంచుకుంది.

పందొమ్మిదో ఏట ఆమెను సర్ కత్‌బర్ట్ పైల్‌కు కట్టబెట్టాడు. నక్కల వేట, బ్రాందీ తప్ప మూడోది ఎరగని మనిషి. కాని ఊళ్లో ఓటున్న వాళ్లంతా అతని కౌలుదార్లే. ప్రభువు కొడుకు పార్లమెంటుకు వెళ్లాలంటే వాళ్లు కావాలి. మామూలు జనంలా చర్చిలో మూడు ఆదివారాలు చాటింపు వేయించడం నామోషీ గనక, చాటింపు అక్కర్లేకుండా చర్చి పెద్దలు డబ్బుకిచ్చే లైసెన్సు మీద పెళ్లి చేశారు. అలాంటి పెళ్లికి, ఇరవై ఒకటి నిండని పిల్లయితే, తండ్రి ఒప్పుకోవాలని చట్టం. ప్రభువే ఒప్పుకున్నాడు.

ఆ చట్టం పుట్టుకే ఒక తమాషా. గొప్పింటి ఆడపిల్లలు నాట్యం నేర్పే మేస్టర్లతో, జీతం చాలని సైన్యపు కుర్రాళ్లతో లేచిపోతూంటే గుండెలు బాదుకున్న ప్రభువులు తమ ఆస్తుల కాపలాకి చేసుకున్న కట్టడి అది. అందులో తమ కాలే ఇరుక్కుంటుందని వాళ్లకి తట్టలేదు.

కత్‌బర్ట్ తాగితే "ఏమే, నాటకాలదాని కూతురా!" అని పిలిచేవాడు. తాగకపోతే అసలు పిలిచేవాడే కాదు. ఇలా నాలుగేళ్లు గడిచాక, ఒక విందులో లండన్ వకీలొకడు కబుర్లకి దిగాడు.

"అక్రమ సంతానానికి చట్టంలో తండ్రే లేడు కదండీ! లేనివాడు ఒప్పుకుంటే ఏం, ఒప్పుకోకపోతే ఏం? మొన్న ఆ లెక్కనే ఒక పెళ్లి కొట్టేశారు. చాటింపు వేయించుకునుంటే ఏ గొడవా ఉండేది కాదు!"

అందరూ నవ్వారు. హెస్టర్ కూడా నవ్వింది.

ఎన్నికలు ముంచుకొచ్చేదాకా ఆగి, పెళ్లి తగవులు తీర్చే చర్చి న్యాయస్థానంలో దావా వేసింది. తనకు తండ్రి లేడు, కాబట్టి తనకు పెళ్లే కాలేదని.

ప్రభువు బండి దిగుతూనే అరిచాడు. "పిచ్చిపట్టిందా అమ్మాయీ? గెలిస్తే నువ్వేమవుతావో తెలుసా? నాలుగేళ్లు ఒకడింట్లో పడున్నదానివి! ఏ గడపా ఎక్కనివ్వరు."

"మా అమ్మనూ ఎక్కనివ్వలేదు లెండి. ఆ ఏర్పాటు మీదే కదా."

"పరువు పోయిందని కత్‌బర్ట్ రంకెలేస్తున్నాడు, నేనే మోసం చేశానట! ఓట్లు అవతలివాడికి వేయిస్తాట్ట. నీ తమ్ముడి బతుకు..."

"ఎవరి తమ్ముడండీ?"

ఆయన గొంతు దిగిపోయింది. "హెస్టర్, తల్లీ! కన్నతండ్రిని అడుగుతున్నాను."

ఈ మాట కోసం ఆమె చిన్నతనమంతా ఎదురుచూసింది. తీరా వింటే లోపల ఏదీ కరగలేదు. అది ఆమెకే వింతగా తోచింది.

"ఆ ముక్క కోర్టుకొచ్చి గట్టిగా చెప్పండి, ప్రభువుగారూ. మా అమ్మను మీరు పెళ్లాడలేదని కూడా చెప్పండి. నాకు ఇంకో సాక్షి అక్కర్లేదు."

పెళ్లి చెల్లదన్నారు. కత్‌బర్ట్ అన్నంత పనీ చేశాడు. ప్రభువు కొడుకు ఓడి ఇల్లు చేరాడు. హెస్టర్‌ను మళ్లీ ఏ పెద్దింటివాళ్లూ పిలవలేదు. ఆమె ఊరు విడిచి పోనూ లేదు. నడివీధిలో, ప్రభువు బండి రోజూ వెళ్లే దారిలో, రిబ్బన్ల దుకాణం పెట్టుకుంది.

ప్రభువు చనిపోయిన వారం అన్ని దుకాణాల్లోనూ సంతాపానికి నల్ల రిబ్బన్లు వేలాడాయి. ఆమె కిటికీలో మాత్రం పసుపువి, ఎర్రవి. ఇదేమిటమ్మా అని ఎవరో అడిగితే, "మాకు చుట్టరికం లేదండీ" అంది.