పెద్దమ్మ నింపిన అక్షరాలు

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు అక్షరాలు నింపింది. పెద్దనాన్న మందపాటి కాగితాల మీద జానెడేసి అక్షరాలను పెన్సిల్‌తో గీసేవాడు. ఆ గీతల మధ్య ఖాళీని ఆమె సన్న కుంచెతో, నల్లసిరాతో నింపేది. ఆ బొమ్మల్ని కుదించి ఒక కంపెనీ ఫాంట్లుగా అమ్ముకునేది. ఫాంటు కింద పేరు మాత్రం పెద్దనాన్నది. ఆ మాట ఎత్తితే, సున్నం వేసినవాడి పేరు ఇంటి మీద రాస్తారా అని పెద్దమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

పత్రికల శీర్షికల కోసం ఆయన గీసిన ఆఖరి ఫాంటు అందమైనదే, కాదనను. ప్రతి అక్షరానికీ అడుగున సెరిఫ్‌లనే చిన్న పాదాలు, నిండైన నిలువు గీత, దాని పక్కనుంచి వెంట్రుకలా సాగే సన్నగీత. ఆ సన్నదనమంటే ఆయనకు ప్రాణం. కంపెనీలో అందరూ ఆయన్ని ‘సన్నగీత’ అనే పిలిచేవారు. పొట్ట చూసినవాళ్ళకు ఆ పేరు తట్టే అవకాశమే లేదు.

సిరా పెన్సిల్ గీతకు లోపలే ఆగాలన్నది ఆయన పెట్టిన నియమం. ఒకరోజు ఆయన భూతద్దం పెట్టి చూస్తే, అన్నిటికన్నా సన్నగా గీసిన చివరి నలభై అక్షరాల్లో సన్నగీతల దగ్గర సిరా పెన్సిల్ గీతను కూడా కప్పేసి ఉంది. అంతే, పెద్దమ్మకు చూపు మందగించిందని తేల్చేశాడు.

“కళ్ళు బానే ఉన్నాయండీ. కావాలనే నింపాను. మరీ ఇంత సన్నగా ఉంటే ప్లేటు మీద నిలవదు, వెలుతురు తినేస్తుంది” అంది పెద్దమ్మ.

ఊరికే అన్న మాట కాదది. పెళ్ళికి ముందు ఆమె నాలుగేళ్ళు ప్రెస్సులో పనిచేసింది, అచ్చుకు ప్లేట్లు తయారుచేసే గదిలో. అక్షరాన్ని కుదించి, వెలుతురు పట్టి ప్లేటు మీదికి దించేటప్పుడు సన్నగీతలు ఎలా మాయమవుతాయో కళ్ళారా చూసిన మనిషి. పెద్దనాన్నకు అది తెలుసు. తెలిసీ, వయసు మీద పడిందని ఒప్పుకుంటే తప్పేముందని ఎగతాళి చేశాడు. ఆ నలభై కాగితాల్నీ ఆమె ఎదుటే చింపేసి, కుంచె లాక్కున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నలభై అక్షరాల్నీ మళ్ళీ గీసి, తనే నింపుకోవడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ పెద్దమ్మ ఆ గదిలో అడుగు పెట్టలేదు. గుమ్మం దగ్గరే టీ పెట్టి వచ్చేసేది. నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి కనిపిస్తూనే ఉండేది. తలుపు చెక్క భుజానికి కొట్టుకోవడం, కప్పు పక్కన టీ ఒలకడం. ఏమైందని అడిగితే ధ్యాస ఉండట్లేదంది. చేతిలో పని పోయిన మనిషికి ధ్యాస ఎలా ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పే.

ఆ ఫాంటుతో ఒక పత్రిక మొదటి సంచిక మా ప్రెస్సుకే వచ్చింది. నేను కూడా ప్లేట్ల గదిలోనే పనిచేస్తాను. నమూనా పేజీ తీసి చూస్తే పెద్దనాన్న నింపిన నలభై అక్షరాలూ సన్నగీతల దగ్గర తెగిపోయి ఉన్నాయి. కొన్ని రెండు ముక్కలు, కొన్ని మూడు. పత్రికవాళ్ళు పేజీ వెనక్కి పంపారు. ఆ నలభైనీ సరిచేయడానికి కంపెనీ నెల గడువిచ్చింది. పేజీని నేనే ఇంటికి పట్టుకెళ్ళాను. నిజం చెప్పాలంటే, ఆయన మొహం చూడాలనే వెళ్ళాను.

పెద్దనాన్న భూతద్దం పెట్టి ఒక్కో అక్షరమే చూశాడు. తర్వాత ఆ కాగితాన్నీ, కుంచెనూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పెద్దమ్మ ముందు పెట్టాడు.

“నువ్వు చెప్పిందే నిజం. నేనే వినలేదు. మళ్ళీ నువ్వే నింపు” అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఇలాంటి మాట నేను వినలేదు. పెద్దమ్మ కాగితాన్ని ఎత్తి కంటికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసింది.

“సగం పేజీయే కనపడుతోందండీ నాకు. మీరు కుంచె తీసేసుకున్న తర్వాత నెలకే మొదలైంది. అప్పుడు చెప్తే మీ మాటే నిజమయ్యేది. అందుకే చెప్పలేదు.”

ఆయన్ని తిట్టాలో ఆమెను తిట్టాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. ఒక్క మాట నెగ్గించుకోవడానికి కళ్ళు పోగొట్టుకుంటారా ఎవరైనా? పోగొట్టుకుంది మా పెద్దమ్మ.

మర్నాడు ముగ్గురం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పరీక్షలన్నీ చేసి, కంటి నరాలు దెబ్బతిన్నాయన్నాడు. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే చుక్కల మందుతో ఆపేవాళ్ళం, పోయిన చూపు ఇక తిరిగి రాదన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే పెద్దమ్మ తల దించుకుంది. పక్క స్టూలు మీద కూర్చున్న పెద్దనాన్న, నా వల్లేనండీ అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు.

పెద్దమ్మ తలెత్తి, ఇంకా నలభై ఉన్నాయి, ఒక నెలపాటు నిలుస్తుందా ఈ చూపు అని అడిగింది. నలభై ఏమిటని డాక్టరు నా వైపు చూశాడు. పెద్దనాన్న లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదిలిపోతున్నాయి. అక్షరాలండీ అని నేను చెప్పాను. డాక్టరు పెన్ను మూసి, ఇంట్లో తిరగడానికి, వండుకోవడానికి ఇబ్బంది లేదు, అలాంటి సన్నపనులు మాత్రం మర్చిపోండమ్మా అన్నాడు. పెద్దమ్మ సరేనని మందుల చీటీ కోసం చెయ్యి చాపింది. చీటీ ఉన్న వైపు కాకుండా ఇంకో వైపు.