లేజర్ తాళం నా చేతిలనే ఉండె

దయ్యాలంటే నాకు నవ్వొస్తది. పటాన్‌చెరు కంపెనీల సైరన్లు వినుకుంట పెరిగినదాన్ని, చదివింది ఫిజిక్స్. ఇది చెప్పాలంటే నాకే జెర సిగ్గుగున్నది. అయినా జరిగింది జరిగినట్టే చెప్త.

సంగారెడ్డి దిక్కు ఒక ల్యాబుల పీహెచ్‌డీ చేసిన. గాజు లాంటి పలక మీద పూసిన బిస్మత్ పొరలతోని మా పని. అవి మస్తు పల్చగుంటయి. కరెంటు పొర లోపల పారదు, పై ముఖం మీదనే పారుతది. బ్యాటరీ అక్కర లేదు, లేజర్ వెలుగు పడితే చాలు. వెలుగు దారిల ఒక బిళ్ళ ఉంటది. దాన్ని ఇటు తిప్పితే కరెంటు ఇటు, అటు తిప్పితే అటు. ఆ కరెంటును చెప్పినట్టు వినేటట్టు చేసుడే నా థీసిస్.

ఆ పొరలు చేసేది మా సీనియర్ రాధక్క. వాళ్ల నాన్న గుంటూరు నుంచి ఫ్యాక్టరీ కొలువుకొచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. పని మొదలువెట్టే ముందు అక్క ఆ బిళ్ళను అటోసారి ఇటోసారి మెల్లగ తిప్పేది. "తొందరెందుకే? ముందు పలకరించాలి, తర్వాతే పని" అనేది. మేం నవ్వేటోళ్లం.

ఎండకాలంల ముత్తంగి కాడ లారీ గుద్ది అక్క పోయింది. మస్తు ఏడ్చిన. ఆమె చేసిన ఆఖరి పొర నా దగ్గరుండె. అప్పటిసంది అది గూడ మొండికేసింది, ఎంత వెలుగేసినా సున్ననే. గసుంటి పొర ఇంకెవ్వరికీ కుదరలే. అది పోతే నా థీసిస్ పోయినట్టే. "దసరా అయినంక పడేసెయ్ అమ్మా" అన్నరు మా గైడ్ సార్.

ఆయుధ పూజ నాడు మేం మిషిన్లు నడపం. అన్నీ బంద్ పెట్టి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూలేస్తం. లేజర్ నేనే బంద్ చేసి, దాని తాళంచెవి గుంజి చేతిల పట్టుకున్న, అది లేకుంటే లేజర్ నడవది. పొర వెలుగు సొరని నల్ల డబ్బాల మూసి ఉండె. పొరల కరెంటు కొలిచే మీటర్ ఒక్కటి ఆపుడు మర్చిపోయిన.

డబ్బాకు బొట్టు పెడుతుంటే మీటర్ల అంకె కదిలింది. మెల్లగ ప్లస్ దిక్కు లేచింది, సున్నకొచ్చింది, మైనస్ దిక్కు పోయింది, మళ్ల సున్న కాడ ఆగింది, బిళ్ళను ఎవరో అటోసారి ఇటోసారి తిప్పినట్టే. అమ్మో, నా చేతుల కుంకుమ కింద పడ్డది.

"లేజర్ బంద్ పెట్టలేదా?" అన్నరు సార్.

"పెట్టిన సార్. తాళం ఇగో."

ఇద్దరం వైర్లు చూసినం, ఎర్తింగ్ చూసినం. ఏం దొరకలే.

తెల్లారి లేజర్ వేసి, ముందుగాల అక్క లెక్కనే ఆ బిళ్ళను అటోసారి ఇటోసారి తిప్పిన. కండ్లల్ల నీళ్లు ఆగలే. పొర కరెంటిచ్చింది. ఎటు తిప్పితే అటు పారింది. సచ్చిందనుకున్న పొర ఎట్ల లేచిందో సార్ గూడ చెప్పలేకపోయిన్రు.

ఇప్పుడు నా కొలువు గూడ ఆ ల్యాబులనే. వెలుగు లేకుండ ఆ కరెంటు ఎట్లొచ్చిందో నాకు ఇప్పటికీ తెల్వది. సార్ ఆ సంగతి ఎత్తరు. ఆయుధ పూజ వస్తే అన్నీ బంద్ పెడ్త, ఆ మీటర్ ఒక్కటి పెట్టను. దాని ముందట కూసుంట. అంకె మళ్లెన్నడూ కదల్లే.