ఆపినా ఆగని చప్పుడు

నా ఫోన్‌లో ఫొటోల కంటే జబ్బులే ఎక్కువ. మెడిసిన్ చదివే వాళ్ళందరి ఫోన్లూ అంతే. వేలితో ఒక్కో పొరా ఒలుచుకుంటూ మనిషిని ఎముకల దాకా విప్పి చూపించే యాప్ ఒకటి, బరువు కొడితే మందు మోతాదు చెప్పే యాప్ ఇంకొకటి. మెట్రోలో నిలబడి రోజూ తిట్లు తినడానికి ప్రశ్నల యాప్ ఉండనే ఉంది. తప్పు జవాబు నొక్కితే తెర ఎర్రబడి ‘మీ రోగి చనిపోయారు’ అని వస్తుంది. ఆ మాట పెట్టినవాడెవడో గానీ, వాడి చెంప పగలగొట్టాలని చాలాసార్లు అనిపించింది.

వీటన్నిటిలో నాకు బాగా ఉపయోగపడింది గుండె చప్పుళ్ళ యాప్. అందులో రకరకాల గుండెలు రికార్డు చేసి పెట్టి ఉంటాయి. దానికి జతగా అరచేతిలో పట్టే బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరి ఛాతీ మీదైనా ఆనిస్తే ఆ మనిషి గుండె కూడా అదే యాప్‌లోంచి, అవే ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది. మా క్లాసులో అందరికీ ఒక అలవాటు. ముందు యాప్‌లోని పాడైన గుండె వినాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరిని పడుకోబెట్టి మంచి గుండె వినాలి. తేడా చెవికి పట్టేదాకా అటూ ఇటూ మారుస్తూనే ఉండాలి. మా ఇంట్లో ఆ మంచి గుండె అమ్మది.

అమ్మ నర్సు. కోస్తాలో చదువుకుని, నాన్నకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం రావడంతో ఢిల్లీ వచ్చి, ఇక్కడే ఒక పెద్దాసుపత్రి వార్డులో కుదురుకుంది. వసంత్ కుంజ్‌లో లిఫ్టు లేని క్వార్టర్స్, పై అంతస్తు మాది. ఆ చలికాలం అమ్మ సగం మెట్లెక్కి ఆగి, కూరల సంచి కింద పెట్టి, దగ్గి, మళ్ళీ ఎక్కేది. చర్చిలో పాట చివరి వరస సాగదీసి పాడడంలో అమ్మది పెట్టింది పేరు. ఇప్పుడు ఆ వరసను సగంలో వదిలేసి పుస్తకంలో పేజీలు తిప్పుతూ నిలబడేది. “ఢిల్లీ గాలే అంత,” అనేది. నాన్నా అదే అని, గాలి శుభ్రం చేసే మిషను కొన్నారు. డాక్టరు కాబోతున్న నేనూ అదే అన్నాను. ఊరంతా దగ్గుతున్నప్పుడు ఒకరి దగ్గును విడిగా ఎవరు వింటారు?

ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఎదురు బ్లాకు లేదు. పొగ మింగేసింది. సూర్యుడు ఎటున్నాడో తెలియని పసుపు వెలుతురు గదంతా పరుచుకుని ఉంది. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్న అమ్మ, ఎప్పటిలా వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు తిరిగి పడుకుంది.

“నేను కాసేపు కునుకు తీస్తా, నీ పనేదో నువ్వు చేసుకో. ఆ బిళ్ళ చల్లగా ఉంటది, చేత్తో రుద్ది మరీ పెట్టు,” అంది.

ముందు యాప్‌లో, వాల్వు ఇరుకైపోయిన గుండె విన్నాను. మొదటి చప్పుడు తలుపు గట్టిగా వేసినట్టు ఉంటుంది. తర్వాత చిన్న టిక్కు. ఆ వెనకే, దూరంగా రోడ్డు మీద లారీ పోతున్నట్టు సన్నటి గుర్రు. దాన్ని ఆపేసి, బిళ్ళ రుద్ది, అమ్మ ఛాతీ మీద ఆనించాను.

తలుపు, టిక్కు, లారీ.

ఆపడం మరిచిపోయాననుకున్నాను. తెర చూస్తే ఆపే ఉంది. ఫోన్ మొండికేసిందని విసుక్కుని, యాప్ మూసి మళ్ళీ తెరిచాను. తలుపు, టిక్కు, లారీ. దిక్కుమాలిన యాప్ అని తిట్టుకుంటూ బిళ్ళను పైకెత్తాను. చప్పుడు ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. మళ్ళీ ఆనించాను. లోపల ఎవరో తలుపు వేస్తూనే ఉన్నారు.

అమ్మ నోరు కొద్దిగా తెరిచి హాయిగా నిద్రపోతోంది. ఆ ముఖానికీ ఆ చప్పుడుకీ సంబంధం ఉందంటే నమ్మలేకపోయాను. ఎలాగో రికార్డు బొత్తాం నొక్కి, మధ్యలో అమ్మ నిద్రలోనే ఓసారి దగ్గినా, అది పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.

మర్నాడు కాలేజీలో మా సారుకు వినిపించాను. కళ్ళు మూసుకుని విని, ఎవరిదని అడిగారు. చెప్పాను. “జల్దీ లేకే ఆవో,” అన్నారు, వెంటనే తీసుకురమ్మని. ఈ గుర్రు ఎడమ పక్కకు తిరిగితేనే బాగా వినిపిస్తుందని, చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరమే వాల్వును పాడుచేసి ఉంటుందని, ఇప్పుడైతే బెలూనుతో వాల్వు తెరవచ్చని, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగేదాకా ఆగితే చేయి దాటిపోతుందని చెప్పారు.

అమ్మ ఒప్పుకుంటేగా!

“ఫ్యాను చప్పుడు విని ఉంటది నీ ఫోను.”

“చలికాలంలో ఫ్యానేంటమ్మా? సార్ కూడా విన్నారు.”

“మీ సారు విన్నది ఫోన్నేగా!”

నాన్న బతిమాలారు. నేను అరిచాను, అలిగాను, అన్నం మానేశాను. “చలి పోనీయవే, అదే తగ్గిద్ది,” అంటూ డ్యూటీకి వెళ్ళిపోయేది. ఒకసారి మాత్రం కోపంలో అసలు మాట బయటపెట్టింది. “నేను దుప్పట్లు మార్చే మంచం మీద నన్ను పడుకోమంటావా? ఆ మంచాల మీంచి ఎవరెవరు ఎట్టా పోయారో నాకు తెలుసే.”

అప్పటినుంచి మా ఇంట్లో ఇంకెవరో ఉంటున్నట్టు ఉండేది. అమ్మ పక్క గదిలో ప్రార్థన చేసుకుంటుంటే నాకు మాటలు వినిపించేవి కావు, మాటల మధ్య ఊపిరే వినిపించేది. టీవీ చూస్తూ నవ్వితే ఆ నవ్వు అడుగున గుర్రు వినిపించేది, చెవుల్లో ఏమీ లేకుండానే. మెట్రో తలుపులు మూసుకుంటే ఉలిక్కిపడేదాన్ని. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయం. ఆగకుండా నా వెంట పడుతోందని ఇంకో భయం.

చివరికి ఒక సాయంత్రం అబద్ధమాడాను. అమ్మ సోఫాలో కూర్చుని పచ్చి బఠానీలు ఒలుస్తోంది. ఇయర్‌ఫోన్లు తన చెవుల్లో పెట్టి, “రేపు పరీక్షమ్మా. ఇదేంటో చెప్పవా, ప్లీజ్,” అన్నాను. నేను తనని అడగడం అమ్మకు ఇష్టం. తల కొంచెం వంచి విన్నది. వేళ్ళు బఠానీల మీద ఆగిపోయాయి.

“వాల్వు పాడైందే, పాపం. ఆడమనిషా?”

“ఆఁ.”

“ఏం చేసిద్ది?”

“ఉద్యోగం.”

“ఉద్యోగమా! ఈ గుండెతో మెట్లెట్టా ఎక్కుతుందే తల్లీ? ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారంట ఇన్నాళ్ళూ?”

“ఢిల్లీ గాలి అనుకున్నారమ్మా.”

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే రికార్డింగులో దగ్గు వచ్చి ఉంటుంది, తన చెయ్యి దానంతట అదే గొంతు మీదికి పోయింది. ఎవరి దగ్గు వాళ్ళకు తెలియకుండా పోదు కదా. ఇయర్‌ఫోన్లు తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. వేలితో తెర మీద వెనక్కి జరిపి, మళ్ళీ మొదటినుంచి విన్నది. అలా వింటున్న అమ్మను చూస్తూ నేను ఏడ్చేశాను.

ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది. వార్డులో రోగుల తాలూకు వాళ్ళతో మాట్లాడే గొంతుతో, “ఆవిడని రేపే రమ్మను,” అంది.

“సరేనమ్మా.”

“ఒట్టి పిరికిదే ఆవిడ. లోపలికి తీసుకుపోయేటప్పుడు పక్కన నువ్వుంటావుగా?”

“ఉంటానమ్మా,” అన్నాను.